నీ మనవరాలు ఓట్స్ బిస్కెట్ ఉమ్మేసింది

అత్తమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే నీ మనవరాలి కోసం గోధుమ కలవని ఓట్స్ తెచ్చి, బెల్లం, నెయ్యి కలిపి ఇంట్లోనే బిస్కెట్లు కాల్చాను.

గోధుమ దాని పేగులకు విషమని మహబూబ్‌నగర్ డాక్టరు నీ ఎదుటే చెప్పాడు. "అంతా నీ నకరాలే" అని నన్ను కసిరి, నువ్వు చాటుగా దానికి గోధుమ రొట్టెతో మలీద ముద్దలు చేసి పెట్టావు. రక్తం తగ్గి అది దవాఖానలో పడ్డప్పుడు కూడా నీ కొంగులో ఒక ముద్ద దొరికింది.

ఇవాళ అది బిస్కెట్ కొరికి ఉమ్మేసింది. "నానమ్మనే మంచిది. మలీద పెడుతుండె. నువ్వే నన్ను సతాయిస్తవ్" అని ఏడ్చింది.

నిజం నోటిదాకా వచ్చింది, మింగేశాను. దానికింకా ఆరేళ్లే. పెద్దదయ్యాక చెప్తాను అత్తమ్మా, ఏదీ దాచకుండా.