లవంగాలు గుచ్చిన నిమ్మకాయ

పెనుకొండ

చిరంజీవి కీర్తనకు, అవ్వ దీవించి రాసేది.

"మీ కాలంలో బాత్‌రూములు కంపు కొట్టేవి కావు" అని రాశావు. తప్పు. మా కాలంలో కంపు ఉండేది, బాత్‌రూమే ఉండేది కాదు. కంపును ఊరి బయట ఉంచి మనుషులం ఇంట్లో ఉండేవాళ్ళం. మీరు దాన్ని పడకగది పక్కకే తెచ్చుకుని, తలుపు పెట్టి, దానికి కూడా అద్దె కడుతున్నారు.

అంగట్లో కొన్న స్ప్రే కొడితే కంపు, మల్లెపూలు రెండూ కలిసి వస్తున్నాయన్నావు. కంపును పోగొట్టకుండా దానికి పూలు పెడితే అంతే మరి. గట్టి నిమ్మకాయ తీసుకుని ఒళ్ళంతా లవంగాలు గుచ్చు. నీడన బాగా ఆరనివ్వు. పిడికెడు రాళ్ళుప్పు, ఎండిన దవనం చేర్చి పాత తెల్లగుడ్డలో మూటకట్టి కిటికీకి వేలాడదీయి. తేమ సంగతి ఉప్పు చూసుకుంటుంది, వాసన సంగతి మిగతావి చూసుకుంటాయి.

ఫోన్ చేయవద్దు. నేను చెప్పేది నీకు వినబడుతుంది, నువ్వు చెప్పేది నాకు వినబడదు. పాఠం చెప్పే ఓపిక అయిపోయే కదా రిటైరయింది.

ఇట్లు
అవ్వ

తా.క. గుచ్చేటప్పుడు లవంగాలు నోట్లో వేసుకోకు. నా అనుభవంలో ఈ పనికి కూర్చున్నవాళ్ళలో సగంమంది తినేవాళ్ళే.

*

హిందూపురం

అవ్వకు కీర్తన నమస్కారాలు.

వాసన తగ్గింది అవ్వా. ఇల్లు కూడా పోయేటట్టుంది.

తెల్లగుడ్డ దొరక్క, అమ్మ ధర్మవరం నుంచి పంపిన ఎర్ర పట్టుముక్కలో మూట కట్టాను. నిన్న కొళాయి కారుతోందని ఇంటి ఓనరు కుళ్ళాయమ్మ పైకి వచ్చింది. ఎర్రమూట చూసి విప్పించింది. లోపల మేకులు దిగ్గొట్టినట్టు నిమ్మకాయ, దాని చుట్టూ ఉప్పు. ఆమె గడప దాటి అవతల నిలబడి అడిగింది:

"ఎవురి మీద చేస్తాండావు పాపా ఇది?"

"ఎవరి మీదా కాదమ్మా, వాసన మీద."

"నా మోకాలు మొన్నటి నుంచే పట్టుకుండాది. ఇది కట్టింది ఎప్పుడు?"

మొన్నే కట్టాను. అబద్ధం చెప్పడం నువ్వు నేర్పలేదు.

"ఎవురు నేర్పినారు?"

"మా అవ్వ. ఆమెకు తెలియని ఆకు లేదు, వేరు లేదు." నిన్ను పొగుడుదామనే అన్నాను అవ్వా. ఆమె మెట్లు దిగిపోయింది, మోకాలి మాట మరిచిపోయి.

ఈ వీధిలో ఒంటరి ఆడపిల్లకు ఇల్లిచ్చింది ఈమె ఒక్కతే. ఖాళీ చేయమంటే యాడికి పోవాలో తెలీదు.

నీ కీర్తన

తా.క. మూట కూడా మళ్ళీ నాచేతే కట్టించి ఆమే పట్టుకుపోయింది. చేత్తో కాదు, గొడుగు కొనతో.

*

పెనుకొండ

కీర్తనకు అవ్వ దీవెనలు.

తెల్లగుడ్డ అని రాశాను. పరీక్షలో కూడా ప్రశ్న సగమే చదివేదానివి.

ఇక వేలాడదీయడం మానెయ్. మట్టి మూకుడులో గుప్పెడు బియ్యం పోసి, ఎండిన నిమ్మతొక్కలు, రెండు కర్పూరం బిళ్ళలు వేసి, ఎవరి కంటా పడకుండా తలుపు వెనక మూలన పెట్టు. బియ్యాన్ని చూసి భయపడే మనిషి ఈ జిల్లాలో లేదు.

ఆ కుళ్ళాయమ్మ చదువుకున్నదేనా? చదువుకున్నదైతే నచ్చచెప్పు. చదువుకోనిదైతే ఇంకా సులువు.

అవ్వ

తా.క. మోకాలికి నడవమని చెప్పు. మెట్లు దిగిన తీరు చూస్తే రోగం నిమ్మకాయది కాదు, కుర్చీది.

*

హిందూపురం

అవ్వకు నమస్కారాలు.

మూకుడు కూడా దొరికిపోయింది. ఎవరి కంటా పడకుండా పెట్టమన్నావు కదా, దాచిపెట్టిందే అసలు నేరమట. "మూకుడు, బియ్యం, కర్పూరం. పిండానికి ఇంకేం తక్కువ పాపా? నన్ను బతికుండంగానే పంపుతాండావా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

శుక్రవారం ఆమె మీ ఇంటికే వస్తోంది, తమ్ముడు పోతులయ్యను తోడు తీసుకుని. నీ ఉత్తరం కవరు మీది అడ్రసు రాసుకుంది. నేర్పిన చేతులే విప్పాలట. విప్పకపోతే నెలాఖరుకు నేను ఖాళీ చేయాలి.

దయచేసి ఆమెతో మర్యాదగా మాట్లాడు అవ్వా. నువ్వు మామూలుగా మాట్లాడితే ఇల్లు పోతుంది.

కీర్తన

తా.క. తల దువ్వుకుంటుంటే రాలిన వెంట్రుకలు రెండు ఆ బియ్యంలో పడ్డాయి. అవి ఆమెకే దొరికాయి.

*

పెనుకొండ

కీర్తనకు అవ్వ దీవించి రాసేది.

మామూలుగానే మాట్లాడాను. ఇల్లు పోలేదు.

పోతులయ్య గేటు అవతలే నిలబడ్డాడు. ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చి, మూటను అరుగు మీద పడేసి, "విప్పండి" అంది. నాకు చేతులు వణుకుతాయి, నువ్వే విప్పమన్నాను. విప్పాలంటే రెండు చేతులు కావాలి, కొంగు వదలక తప్పలేదు. అప్పుడు గాని ఆ వాసన ఆమె ముక్కుకు చేరలేదు. అంతవరకు భయం ఊపిరి తీసుకోనివ్వలేదు పాపం.

ముడి సగం విప్పి ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. "మీరు హైస్కూల్లో సైన్సు టీచరమ్మ కదా?" అంది.

నీకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదు. మా బడిలో ఆడపిల్లలకు ఉన్నది ఒకటే మరుగుదొడ్డి. తలుపుండేది, నీళ్ళుండేవి కావు. మధ్యాహ్నం బెల్లు కొడితే పెద్దపిల్లలు ఇళ్ళకు పోయేవాళ్ళు, కొందరు మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. హెడ్‌మాస్టరును అడిగితే, సాయంత్రం దాకా ఓర్చుకోలేరా అన్నాడు. ఆయనకు ఓర్చుకోవాల్సిన పని ఎప్పుడూ పడలేదు. అందుకని సోమవారం సోమవారం మన చెట్టు నిమ్మకాయలు తీసుకుపోయేదాన్ని. ఎనిమిదో తరగతి పిల్లలు చుట్టూ కూర్చుని లవంగాలు గుచ్చేవాళ్ళు, మరుగుదొడ్లో మూటలు కట్టేవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, పాటలు పాడేవాళ్ళు. తరగతి గదంతా దవనం వాసన. ఇప్పటికీ దవనం చేతపడితే నాకు దేవుడు గుర్తురాడు, ఆ పిల్లల గోల గుర్తొస్తుంది.

లవంగాల డబ్బాకు కాపలా పెట్టింది రొద్దం నుంచి వచ్చే ఒక బక్కపిల్లను. తినే పిల్లకే కాపలా ఇస్తే తినదని నా లెక్క. తప్పిన లెక్క అది. ఆ పిల్ల ఇప్పుడు మీ ఓనరు.

"ఆ నిమ్మకాయలు లేకుంటే ఎనిమిదితోనే మానుకునేదాన్ని మేడమ్. పది పాసయినాను," అంది.

కాఫీ పెట్టే నెపంతో లోపలికి పోయాను. పాలు పొంగేదాకా అక్కడే ఉన్నాను.

నువ్వు ఆ ఇంట్లోనే ఉండు. కింద ఆమె బాత్‌రూముకు కూడా ఒకటి కావాలట. ఆదివారం ఇద్దరూ కూర్చుని గుచ్చండి.

అవ్వ

తా.క. ముందు బాత్‌రూములో నీళ్ళు పోయే జాలీ ఎత్తి చెంబెడు నీళ్ళు పొయ్యి. ఆ గొట్టం వంపులో నీళ్ళు ఎండిపోతే కంపు పైకి వస్తుంది. ఇది మొదటి ఉత్తరంలోనే రాయొచ్చు, కానీ నువ్వు అడిగింది పరిమళం. తరువాత బజారుకు పోయి తెల్లగుడ్డ ముక్క ఒకటి, నిమ్మకాయలు నాలుగు, లవంగాలు తీసుకురా. లవంగాలు కావలసినదానికి రెట్టింపు తీసుకో. కుళ్ళాయమ్మ ఇంకా తింటుంది, కాఫీ తాగుతూ నా డబ్బా సగం ఖాళీ చేసింది.