మరియమ్మ పలక

జగదల్‌పూర్,
నవంబరు 16, ఆదివారం.

అక్కా,

ఈ రోజు పొద్దున్నే ఎదురైన వింత ముందు చెప్పి, తర్వాత మీ క్షేమం అడుగుతాను, ఏమనుకోకు. నేను వెళ్లేసరికి యోహాను తాత చర్చి గోడలోని ఖాళీని తుడిచి, చుట్టూ ఇప్పనూనె రాస్తున్నాడు. అక్కడికి రావలసిన పలక ఇక రాదని ఆయనకు తెలియదు. అప్పటికి నాకూ తెలియదు.

అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ వరికోత అయిందా? నేను బాగానే ఉన్నాను. చలి మొదలైంది, నువ్విచ్చిన దుప్పటి సరిపోతోంది. హాస్టల్లో రెండు పూటలా రొట్టెలే. రోజంతా చెవిలో హిందీ, లేదంటే ఇక్కడివాళ్ల హల్బీ భాష. అందుకే ఆదివారాలు ఊరి బయట ఉన్న ఆ చిన్న కర్ర చర్చికి వెళ్తున్నాను. అక్కడివాళ్లు తెలుగు సరిహద్దున ఉన్న కోంటా వైపు నుంచి ఏనాడో వచ్చి స్థిరపడ్డారు. వెళ్లేది ప్రార్థనకు కాదు, మన మాట వినడానికి.

బయటికి అది ధాన్యపు కొట్టంలా ఉంటుంది. లోపల గోడలన్నీ చెక్కిన పలకలే. ఎవరైనా పోతే, వాళ్లు బతికినన్నాళ్లూ చేసిన పనిని ఇంటివాళ్లు టేకు పలక మీద చెక్కి గోడలో బిగిస్తారు. పేర్లుండవు. ఒకాయన కోడిని చంకలో పెట్టుకుని అంగడికి పోతున్నాడు. ఒకామె వంగి ఇప్పపూలు ఏరుతోంది. ఆమే యోహాను తాత భార్య, మరియమ్మ.

మా కాలేజీలో పరిశోధన చేసే వికాస్ భయ్యాకు ఇవన్నీ నేనే చూపించాను. మరియమ్మ పలక రెండు వారాలు ఇస్తే ఫోటోలు తీసి తెస్తానన్నాడు. ఫారెస్టు నాకాలో, అంటే చెక్‌పోస్టులో, టేకుకు కాగితం అడుగుతారని, ‘ఇష్టపూర్వకంగా ఇచ్చేస్తున్నాం’ అని నన్ను రాయమన్నాడు. మంచి మంచి మాటలు ఏరి హిందీలో రాశాను. తాత నవ్వాడు.

“మా ఇంట్ల జావ తాగిన పిల్లవు. నీకూ నాకూ కాగితం ఏందే?”

“నాకా కాడ చూపెట్టనీకే తాతా.”

వేలిముద్ర వేశాడు.

ఈ రోజుతో గడువు అయిపోయింది. చర్చి ముందు నిలబడి ఫోన్ చేస్తే వికాస్ తాపీగా చెప్పాడు: “అది ఢిల్లీ వెళ్లిపోయింది. కొన్నాయన ఇంట్లో భద్రంగా ఉంటుందిలే. కాగితం నువ్వే కదా రాశావు. ఎంత బాగా రాశావు!”

ఫోన్ పెట్టేసి లోపలికి వెళ్లాను అక్కా. “అమ్ముకున్నడు తాతా” అన్నాను.

“సదువుకున్న బిడ్డ రాసిందంటిరి, జూడుండ్రి!” అంది వెనక నుంచి ఒకామె.

తాత ఆమెను ఊరుకోమన్నాడు. నూనె గుడ్డ మడుస్తూ, “ఆ పిలగాడెవడో నాకేం ఎరుక? నేను నీ మొఖం జూసి ఏలిముద్ర ఏసిన” అన్నాడు.

ప్రార్థన అయ్యాక అందరికీ జావ పోశారు. నా దొప్ప వైపు ఎవరూ చూడలేదు. వికాస్ నన్ను మోసం చేశాడు. తాతను మోసం చేసింది మాత్రం నేనే.

ఇది అమ్మకు చదివి వినిపించకు, బాగున్నానని చెప్పు. ఇటు ఎవరైనా వస్తుంటే కాస్త చింతకాయ తొక్కు పంపు. అమ్మానాయినల కాళ్లకు మొక్కానని చెప్పి, నన్ను దీవించమను.

జరిగింది జరిగినట్టు, నా తప్పుతో సహా, ఠాణాకు అర్జీ రాశాను. రేపు పొద్దున మొదటి బస్సుకు వెళ్లి, తాత గుమ్మం ముందు కూర్చుని మన మాటల్లో చదివి వినిపిస్తాను. తాత వస్తే ఇద్దరం ఠాణాకు వెళ్తాం. రానంటే ఒక్కదాన్నే వెళ్తాను.

నీ చెల్లి,
కమల