బ్రౌనీ బొచ్చు సంగతి

చిరంజీవి హరినాథ్‌ను అక్క దీవించి రాస్తున్నది.

సోమందేపల్లెలో మేమంతా క్షేమం. మీ బావకు మోకాలినొప్పి తగ్గింది. నేను ఫోన్ ఎత్తడం లేదని నువ్వు పంపిన రెండు పేజీలూ చదివాను. అన్నీ నీ కుక్క బ్రౌనీ గురించే. మేమెలా ఉన్నామని ఒక్క ముక్క లేదు. అందుకే జవాబూ కాగితం మీదే.

“నన్ను అడక్కుండా దాని బొచ్చెందుకు గొరిగించినావు?” అని అడిగావు. పుణె పోతూ, “పదిహేను దినాలేలే అక్కా” అని దాన్ని మా అంగట్లో కట్టేసి పోయినప్పుడు నన్ను అడిగావా? ఐదు నెలలైంది. రోజూ దువ్వాలి, వారానికోసారి స్నానం చేయించాలి అని చీటీ మాత్రం రాసిచ్చావు. ఇక్కడ ట్యాంకరు నాలుగు రోజులకొకసారి వస్తుంది. బిందెలతో వరసలో నిలబడి పట్టిన నీళ్లు నీ కుక్కకు పోశాను. ఆ ఉంగరాల బొచ్చు నిండా దుమ్ము, పల్లేరుకాయలు.

పోయిన నెల గొర్రెల కాపరి హనుమంతరాయుడు బీడీలకని అంగడికొచ్చి దాన్ని చూశాడు.

“ఏమక్కా, ఇది కుంటుతాండాది?”

“కాల్లో ముల్లు దిగినట్టుండాది.”

అతను కూర్చుని దాని చంక కింద వేలు పెట్టాడు. “ముల్లు కాదక్కా. బొచ్చు అట్టగట్టి తోలును లాగుతాండాది. చిక్కు తీయకుండా నీళ్లు పోస్తే ఇంగా బిగుసుకుంటాది. గొర్రెకు గూడా మేము ఈ గతి పట్టనీయం.”

నాకు తల కొట్టేసినట్టయింది. చర్మానికీ కత్తెరకూ మధ్య దువ్వెన అడ్డం పెట్టి, గంటన్నరసేపు అతనే కత్తిరించాడు. ముందుకాళ్ల సందుల్లో ఒరిసి పుండ్లయి ఉన్నాయి. పశువుల డాక్టరిచ్చిన మందు పది రోజులు పూస్తే మానాయి.

ఎండలకని గొరిగించానని ముందు ఫోన్లో నీతో చెప్పింది అబద్ధం. నీమీద కోపంతో రెండు నెలలు దువ్వెన ముట్టలేదు, హరీ. పైపైన నీళ్లు పోసి ఊరుకున్నాను. అది కాలెత్తి నా ముందు నిలబడితే వేషాలేస్తోందని కసిరాను.

ఇప్పుడు రోజూ పొద్దున పాయలు తీసి, చర్మం కనబడేదాకా దువ్వుతున్నాను.

ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నావు. నువ్వు రా, రెండు పూటలు తిని పో. కుక్కను మాత్రం పంపను. ముందుకాలు పట్టుకుంటే ఇప్పటికీ వణికి వెనక్కి లాక్కుంటుంది. ఆ భయం పెట్టింది నేను. పోగొట్టాల్సిందీ నేనే. అంతవరకు అడగొద్దు.

ఇట్లు,
కోపం ఇంకా తగ్గని నీ అక్క,
నాగలక్ష్మి