టాన్సీకి జబ్బు చేసిన సంగతి

ప్రియమైన రెజ్‌కి,

ఎడ్నా రాసేది. ఇక్కడ నేను బాగున్నాను, కోళ్లు బాగున్నాయి, ముంగిసలా ఉండే నీ ఫెర్రెట్ టాన్సీ కూడా గండం గడిచి బాగుంది. సముద్రం మధ్య ఆ చమురు బావి మీద నువ్వు కూడా ఒళ్లు జాగ్రత్తగా చూసుకుంటున్నావనే అనుకుంటాను.

నువ్వడిగినవాటికి జవాబులు. లేదు, పాలలో రొట్టె నానబెట్టి పెట్టలేదు. మీ నాన్న కాలం నుంచీ వీటికి అదే పెట్టారని తెలుసు గానీ, ఆ మాటంటే పశువుల డాక్టరమ్మ నన్ను కసురుకుంది. కోడిమాంసం మెత్తగా నూరి, అది ఉడికిన వెచ్చటి నీళ్లలో కలిపి, సూది లేని సిరంజితో చుక్క చుక్కగా పోశాను. మనం వేసుకునే జలుబు మాత్రలేవీ దాని దగ్గరికి రానివ్వలేదు. ముక్కు పట్టేసినప్పుడల్లా స్నానాలగదిలో వేడినీళ్లు వదిలి, దాన్ని తువ్వాల్లో చుట్టుకుని ఆ ఆవిర్లో కూర్చున్నాను. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరకుండా డాక్టరమ్మ ఇచ్చిన మందు రెండు పూటలా పట్టాను. గురగుర పూర్తిగా పోయింది. నిన్న నా చెప్పు ఈడ్చుకుపోయి సోఫా కింద దాచింది. నీవల్ల కాదన్నావుగా, చూడు మరి!

స్టాన్‌ని మన పెరట్లో అడుగుపెట్టనివ్వద్దని రాశావు. కుందేళ్ల వేటకని అడిగి తీసుకెళ్లి, వానలో తడి బొరియలోకి వదిలి జబ్బు తెప్పించాడని నీ కోపం. నువ్వు చెప్పినట్టు నేను చేయలేదు. టాన్సీ జబ్బుపడ్డ తొమ్మిది రోజులూ వచ్చి, నేను సిరంజి పడుతుంటే దాన్ని కదలకుండా పట్టుకున్నది నీ చిన్ననాటి స్నేహితుడు స్టానే. రెండుసార్లు వేలు కొరికించుకున్నాడు. "కొరుకు తల్లీ, కొరుకు. నిన్నీ గతికి తెచ్చింది నేనేగా," అనేవాడు.

ఇక దాచలేను రెజ్. మొదటిరోజు డాక్టరమ్మ నన్నడిగింది, "మీ ఇంట్లో ఎవరికైనా ఫ్లూ వచ్చిందా? మనుషుల ఫ్లూ వీటికి ఇట్టే అంటుకుంటుంది."

స్టాన్ పక్కనే ఉన్నాడు. నేను "లేదండీ" అన్నాను.

ఆమె ముఖం మారిపోయింది. "అయితే కుక్కలకొచ్చే డిస్టెంపర్ జబ్బయినా కావచ్చు. దానికి మందు లేదమ్మా. బాధపడకుండా సూదిమందిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చడమే."

స్టాన్ టోపీ తీసి చేతిలో నలుపుతూ ఏడ్చేశాడు.

ఫ్లూ వచ్చింది నాకే. అంతకు ముందు వారమే. జ్వరంతో వణుకుతూ టాన్సీని లోపలికి తెచ్చుకుని, స్వెట్టర్‌లో పడుకోబెట్టుకుని, మూతి మీద ముద్దులు పెట్టాను. నువ్వు పనిలోకి వెళ్లిన ప్రతిసారీ అది నా దగ్గరే పడుకుంటుంది. "ఆ కంపు జీవాలు గడప దాటితే నేను పుట్టింటికి పోతా" అని ఇరవైమూడేళ్లు అరిచిన నోటితో స్టాన్ ముందు ఎలా చెప్పను? చాపెల్‌లో ప్రార్థనకొచ్చే అమ్మలక్కలంతా నవ్వరూ?

మర్నాడు పొద్దున్నే డాక్టరమ్మకి ఫోన్ చేసి నిజం చెప్పాను. అప్పుడుగానీ ఆమె దీని మీద ఆశ పెట్టుకోలేదు. స్టాన్‌కి మాత్రం చెప్పలేదు. నా తప్పు అతను నెత్తినేసుకుని తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్నాను. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

ఇవాళ టీకి పిలిచి చెప్పేశాను. కట్టుకట్టిన వేలు పైకెత్తి, "ఇది నీ వేలు కావాల్సింది ఎడ్నా," అన్నాడు. ఆ వెంటనే, "ఇంతకీ ఎన్ని ముద్దులు పెట్టావేంటి?" అని టీ ఒలికేలా నవ్వాడు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "రెజ్ నాకు రాసిన ఉత్తరం ఇంకా నా జేబులోనే ఉంది. వాడికి కూడా చెప్పు," అన్నాడు.

చెప్పాను. అతనికి ఏం రాశావో నేనడగను. ఇది చదవగానే అతనికి ఇంకోటి రాయి. క్షమించమని అడిగే చోట నా పేరు ముందు పెట్టు.

కాగితం మీద ఈ గోటిగీతలు టాన్సీవి. నా ఒళ్లోనే ఉంది. పెరట్లో దాని గూడు కడిగి ఆరబెట్టాను. నువ్వొచ్చాక కూడా ఆ గూడు ఖాళీగానే ఉంటుంది.

ఇట్లు,
ఫెర్రెట్లంటే బొత్తిగా గిట్టని నీ భార్య,
ఎడ్నా