లోహిత పుట్టువెంట్రుకలు

పెద్దక్క రూపశ్రీకి తమ్ముడు బాలచంద్ర నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం అని ఈ చోట రాయడం మన ఇంట్లో అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చేయి రావడం లేదు. ఎందుకో చదివితే తెలుస్తుంది. ఫోనులో చెబితే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే కాగితం.

ముందు నువ్వు అడిగినవి. నాయన మోకాలు అట్లే ఉంది. నువ్వు పంపిన మాత్రలు తను వేసుకోడు, మా డాక్టరమ్మ ఇచ్చిందని వీధిలో అందరికీ పంచుతాడు. నాయుడుపేటలో నా వెల్డింగు పని బాగానే ఉంది. ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను కాబట్టి సూపర్‌వైజరుకు నేనంటే ఇప్పటికీ చులకనే. కష్టమైన అతుకు వస్తే మాత్రం నన్నే పిలుస్తాడు. పుత్తూరులో నీ క్లినిక్ కోసం నాయన చూసిన గదికి సున్నం కొట్టించారు. ఆ గదిని చూస్తేనే నాకు మండుతోంది.

ఇక నీ జాబు. పిల్లల క్యాన్సరు, రక్తం జబ్బుల ఫెలోషిప్‌కు అప్లై చేయడం లేదని రాశావు. రెండేళ్ళు ఆ పిల్లల మధ్య ఉండే గుండె నీకు లేదట. పుత్తూరులో దగ్గుకూ జలుబుకూ మందులు రాసుకుంటూ అందరికీ దగ్గరగా ఉంటావట. ఎండీ చదివేటప్పుడు ఆ వార్డులోనే నా చదువుకు అర్థం కనబడింది అన్నది నువ్వే కదా? ఇప్పుడు భయమేస్తే భయమని రాయి. దానికి "అందరికీ దగ్గరగా" అని అందమైన పేరు పెట్టకు.

దగ్గరగా ఉంటే ఏం చూసేదానివో చెబుతాను. చిన్నక్క నందిని కూతురు, మన లోహితకు రక్త క్యాన్సరు.

కూర్చుని చదువు. ఇప్పుడు పాప ఆసుపత్రిలో ఉంది. మందు మొదలైంది. నిలకడగా ఉంది.

పోయిన నెలలో జ్వరం విడవలేదు, కాళ్ళ మీద కమిలిన మచ్చలు లేచాయి. చిన్నక్కా వాళ్ళ ఐరాల నుంచి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు మంచివాడే. ఆయనది ఒడిశా, తెలుగు బాగానే నేర్చుకున్నాడు. ఈ రకం చాలామంది పిల్లలకు నయమవుతుందనీ, వెంటనే చేర్చమనీ, మందులకు జుట్టు రాలినా మళ్ళీ వస్తుందనీ చెప్పాడు. బావా చిన్నక్కా తలూపారు. బట్టలు తెచ్చుకుంటామని చెప్పి ఇంటికొచ్చి కూర్చున్నారు!

ఎందుకో తెలుసా? లోహిత పుట్టువెంట్రుకలు కొండకు మొక్కు. మూడో ఏట తీయించాల్సింది, బావ వాళ్ళింట్లో మైల వచ్చి ఆగిపోయింది. సరి ఏట తీయించకూడదు కదా, ఇప్పుడు నడుస్తున్నది నాలుగో ఏడు. సరి ఏడు.

"దేముడికిచ్చే వెంట్రుకలు ఆస్పత్రి కాలవలో రాలిపోతే బిడ్డకు మంచిదేనా? రెణ్ణెల్లు ఆగితే ఐదో ఏడు పడతాది. గుండు గీయించి చేరస్తాం" అంది అమ్మ.

"రోగం ఆగతాదేమ్మా రెణ్ణెల్లు? దానికి తెలుసునా సరి ఏడు, బేసి ఏడు?"

"నోరు ముయ్‌రా. రూపకు చెప్పినావంటే సూడు. అది పని ఇడిసిపెట్టి పరిగెత్తుకొస్తాది."

మూసుకున్నాను. ఆ ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే, అందరూ బాగుండారు అన్నది నేనే.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నా. మేనమామ ఒడి లేనిదే పుట్టువెంట్రుకలు తీయరు. ఆ ఒడి నాది. మొక్కు తీరిస్తే వెంటనే ఆసుపత్రిలో చేర్చవచ్చని చిన్నక్కను ఒప్పించి, అమ్మకు చెప్పకుండా పాపను కొండకు తీసుకుపోయాను.

"మామా, నా జుట్టుతో దేముడు ఏం జేసుకుంటాడు?" అంది ఒళ్ళో కూర్చుని.

"జడేసుకుంటాడు" అన్నాను.

పకపకా నవ్వి తల కదిపింది. కత్తి గీసుకుంది. ఆవగింజంత గాటు, అక్కా. నెత్తురు ఆగలేదు. తువ్వాలు తడిసింది, నా చొక్కా తడిసింది. ఆగలేదు.

కొండ దిగి నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాం. నెత్తురును గడ్డకట్టించే ప్లేట్‌లెట్ కణాలు ఎక్కించాకే ఆగింది. "ఈ జబ్బులో తలకు కత్తి పెడతారా? ఎవరు చెప్పారు మీకు?" అని డాక్టరు అరిచాడు. "వద్దని చెప్పిందెవరు?" అని నేనూ అరిచాను. ఆయన పాప తలకు కట్టిన గుడ్డ సరిచేశాడు. తర్వాత, "జుట్టు సంగతి మీరు చెప్పలేదు. అడగాలని నాకు తోచలేదు" అన్నాడు. కత్తెరతో తీసి ఉంటే ఏమీ అయ్యేది కాదట. కత్తెరతో మూడు చోట్ల జుట్టు తీయించి, మూడు కత్తెర్లు ఇచ్చామని మొక్కు తీర్చుకుని, అదే రోజు చేరిపోవాల్సిన పని!

అమ్మ మీద ఎగిరిన నేనే పాపను ప్రాణం మీదికి తెచ్చాను. సరి ఏడు కాబట్టే నెత్తురొచ్చిందని అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. ఆమె మీద కోపం, నా మీద కోపం. అందరికంటే నీ మీద ఎక్కువ. నువ్వైతే మొదటి రోజే మొక్కేమైనా ఉందా అని అడిగేదానివి. నీ గుండూ నా గుండూ ఆ కొండ మీదే కదా గీసింది?

మీ ఇంట్లో డాక్టర్లు ఎవరూ లేరా అని ఆ డాక్టరు అడిగితే చిన్నక్క ఏమందో విను. "మా అక్క ఉండాది సార్. ఆయమ్మ దగ్గు, జలుబు చూస్తాదంట." వెటకారం కాదు. నిజంగానే అంది.

దరఖాస్తుకు నెలాఖరు దాకా గడువుందని నువ్వే రాశావు. లోహితను చూడాలని పరిగెత్తుకు రాకు. ముందు అప్లై చెయ్యి, తర్వాత బస్సెక్కు. పుత్తూరు గది రెండేళ్ళు తాళం వేసి ఉంటే చచ్చిపోదు.

నిన్న పక్క మంచం దగ్గరి తల్లి, వడమాలపేట ఆమె, లోహిత గుండు చూసి నా దగ్గరకు వచ్చింది. ఆమె కొడుక్కి జుట్టు వీపు దాకా ఉంది.

"మీ పాపకు ఏ ఏట తీయించినారబ్బా? మావోడికి ఆరో ఏడు. మొక్కుండాది."

"డాక్టర్ని అడగమ్మా."

"ఆయన్నెట్ల అడిగేదబ్బా? నవ్వడా?"

నేనే పోయి అడిగి, కత్తి వద్దు, కత్తెర చాలన్నాడని వచ్చి చెప్పాను. రేపటి నుంచి నాకు నాయుడుపేటలో షిఫ్టు. ఎల్లుండి ఆ వార్డుకు ఇంకో తల్లి వస్తుంది. ఆమె ఎవరిని అడుగుతుంది?

ఇట్లు,
కోపం తగ్గని నీ తమ్ముడు
బాలచంద్ర