సినిమా నర్సును చూసి చెల్లిని ఆపకండి

నాన్నగారికి, నేను కులాసాగానే ఉన్నాను, ఒళ్లు మంట తప్ప వేరే జబ్బేమీ లేదు.

ఆ కొత్త సినిమా చూసొచ్చి, చెల్లిని నర్సు చదువుకు పంపేది లేదన్నారట, అమ్మ రాసింది. మా ఆసుపత్రి నర్సులమూ ఆదివారం ఆ సినిమాకే వెళ్లాం. అందులో నర్సు, సెలైను ఎక్కుతున్న రోగిని గాలికొదిలేసి డాక్టరుతో తోటలో పాట పాడుతుంది. హాలంతా ఈలలే. మర్నాడు వార్డులో కాలు విరిగిన పెద్దమనిషికి మందు ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకుని, "సిస్టరూ, మాకూ ఒక పాట పాడొచ్చుగా" అన్నాడు. పక్క మంచం తాతగారు లేచి కూర్చుని, "మొన్న రాత్రి నీకు జ్వరం దిగేదాకా తిండి మానేసి కూర్చుంది ఈ పిల్లే. ముందు ఆ చెయ్యి వదులు" అన్నారు. వదిలాడు.

మీరు పంపిన నవల కూడా చదివాను. అందులో నర్సు పెళ్లి చేసుకుని ఉద్యోగం మానేస్తే కథ సుఖాంతమట. మీరు పంపారు కాబట్టి చించకుండా ఊరుకున్నాను.

పోయినేడు ఆపరేషనప్పుడు మీకు కట్లు మార్చిన నర్సమ్మను నోరారా "తల్లీ" అని పిలిచారు. ఆమెనూ వాళ్ల నాన్న ఇలాగే ఇంట్లో కూర్చోబెట్టి ఉంటే మీ గతేమయ్యేది?

అమ్మ మోకాలికి నూనె రాస్తున్నారా? నీళ్ల బిందెలు ఎత్తనివ్వకండి.

శుక్రవారం లోపల చెల్లిని తీసుకెళ్లి చేర్పించండి. మీరు వెళ్లకపోతే నేనే సెలవు పెట్టి వస్తాను. దాని కొలతలు పంపమనండి, యూనిఫారం ఇక్కడే కుట్టిస్తాను.

కోపంతోనే మీ ఇద్దరి కాళ్లకూ దండం పెడుతూ,
మీ పెద్దది.