గుండె చెప్పిన సాక్ష్యం

నన్ను తిట్టే హక్కున్న ఒకే ఒక్క అక్కకి,

చెయ్యి నొప్పి ఎలా ఉందని అడిగావు. తగ్గింది. మెడ నుంచి వేలికొసల దాకా కరెంటు పాకినట్టుండేదా, డాక్టరిచ్చిన నరాల మాత్ర మొదలుపెట్టాక అది దూరంగా జరిగి, పక్కింట్లో ఎవరో సణుగుతున్నట్టు మాత్రమే ఉంది. మళ్ళీ ప్రెస్సులో బల్ల దగ్గర కూర్చుని కరపత్రాలు మడతపెడుతున్నాను. మడిచే ముందు ప్రతిదీ చదువుతున్నాను. "జీతం చదవడానికి కాదు" అన్నాడు యజమాని. "చదవని చేతులు కావాలంటే రెండు కర్రలు తెచ్చి పెట్టుకోండి" అన్నాను. తల పట్టుకోకు, ఉద్యోగం పోలేదు.

అసలు సంగతి వేరు. మా దగ్గర ప్రూఫులు దిద్దే అమ్మాయి ఉంది. నన్ను "కరపత్రంగారూ" అని పిలుస్తుంది. కొన్ని వారాలుగా ఆమె పక్కన కూర్చుంటే నా గుండె పరుగందుకుంటోంది. కిటికీ వెలుతురులో కాగితాల ధూళి తీరిగ్గా ఈదుతుంటుంది, నా లోపల మాత్రం గుర్రాలు. గది పడవలా మెల్లగా ఊగుతుంది. పొద్దున్న కళ్ళు తెరిచేసరికే దడ మొదలై ఉంటుంది. అంటే కలలోకీ ఆమే వచ్చి వెళ్ళిందన్నమాట. మొన్న మడిచిన కరపత్రంలో రాశారు, ప్రేమకి పెద్దల సాక్ష్యం అక్కర్లేదు, గుండె ఒక్కటే సాక్షి అని. ఇంత గట్టిగా అరిచే సాక్షి ఇంకెవరికి దొరుకుతాడు? బావ చూసిన సంబంధం వద్దని చెప్పెయ్. రేపే ఆమెతో చెప్పేస్తాను. కాదంటే ఈ ప్రెస్సులో ఉండను, ఈ ఊళ్ళోనే ఉండను.

ఇట్లు,
నీ మొండి తమ్ముడు

*

అక్కా,

బావకి చెప్పేసే ఉంటావు. ఆ మాట వెనక్కి తీసుకోకు. కానీ జరిగింది విను.

చెప్పాను. "మిమ్మల్ని చూస్తే నా గుండె నా మాట వినడం లేదు" అన్నాను. ఆమె నవ్వలేదు. నా మణికట్టు పట్టుకుని గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టింది. "కదలకుండా కూర్చోండి, కిందికెళ్ళి టీ తాగొస్తాను" అంది. వచ్చి మళ్ళీ పట్టుకుంది. "నేను లేకపోయినా ఇదే జోరు. ఇందులో నా గొప్పేం లేదు కరపత్రంగారూ. పదండి డాక్టరు దగ్గరికి."

డాక్టరు ఈసీజీ తీయించి, ఇది నరాల మాత్ర పనే, కొందరికి గుండె వేగం పెంచుతుంది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మనిషి ప్రేమని మాత్రతో కొలుస్తారా?" అన్నాను. "అరవకు, ఇంకా పెరుగుతుంది" అన్నాడు. ఉన్నపళంగా మానెయ్యకూడదట. కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వేరే మందుకి మార్చాడు.

దడ రోజురోజుకీ ఊరు దాటిపోతున్న రైలు చప్పుడులా సన్నబడింది. నాకు భయం పట్టుకుంది. నా సాక్షి మాట మార్చేశాడు. నేను ప్రేమించింది ఆమెనా, మాత్రనా? ఆమె పక్కకి వెళ్ళడమే మానేసి, మూలబల్ల దగ్గర కూర్చున్నాను.

నిన్న ఉండబట్టలేక వెళ్ళాను. గుండె బుద్ధిమంతుడిలా నడుస్తోంది. ఆమె ఒక వాక్యం దగ్గర ఆగి, దాన్ని సన్నని గొంతుతో పైకి చదువుకుంటోంది. ఇన్నాళ్ళూ ఆ హోరులో నాకామె గొంతే సరిగ్గా వినపడలేదని అప్పుడు తెలిసింది. సాయంత్రపు ఎండ బల్ల మీద నుంచి గోడ మీదికి ఎక్కింది. ప్రెస్సు మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. అక్కణ్ణించి లేవాలనిపించలేదు, అంతే. బతికినంతకాలం అక్కడే కూర్చోవాలనిపించింది.

"మళ్ళీ చెప్పొచ్చా?" అన్నాను.

"దడగా ఉందా?"

"లేదు."

"మరి?"

"అయినా చెప్పాలని ఉంది."

ఆమె పెన్సిలు కింద పెట్టి కుర్చీ నావైపు తిప్పుకుంది. "అయితే చెప్పు, వింటాను."

చెప్పాను. అరవకుండా నేను అంతసేపు మాట్లాడటం నువ్వెప్పుడూ చూసి ఉండవు అక్కా. అంతా విని, పెన్సిలు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ అంది: "రేపు మా అమ్మతో కూడా ఇంతే నెమ్మదిగా చెప్పు."

ఇట్లు,
నీ తమ్ముడు